రెండు దీపాలకి రెండు ఫ్యూజులు

మా ఇంటి కారు షెడ్డు
ఆదివారం పొద్దున

కొండెక్కి కూర్చున్న మరదలికి,

కారొచ్చింది! ముందా మాట రాసేశాను. ఇప్పుడు ఊపిరి తీసుకుంటాను.

సొంత కారు. నెత్తి మీద ఎల్ బోర్డు లేని కారు. పక్క సీటు ముందు రెండో బ్రేకు లేని కారు. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతూ, సైకిళ్ళు మమ్మల్ని దాటిపోతుంటే చూస్తూ, బ్రేకు మీంచి కాలు తియ్యకుండా బతికినదాన్ని. నిద్రలో కూడా "అద్దం చూడండి, అద్దం" అంటున్నానని మీ అన్నయ్య వెక్కిరింపు. నిన్న సాయంత్రం ఊరి బయట రోడ్డు మీద నాలుగో గేరు వేశాను, ఐదో గేరు వేశాను. ఆరోది కూడా ఉందే పిల్లా! అది పడగానే ఒక్కదాన్నే పకపకా నవ్వేశాను. పక్కన పోతున్న లారీవాడు హారన్ కొట్టాడు. నేనూ కొట్టాను.

రెండో సంగతి ఇంకా పెద్దది. వానలు మొదలయ్యే రోజుల్లో కొండదారుల మీద కార్ల ర్యాలీ పెడుతున్నారు. దరఖాస్తు పంపేశాను. డ్రైవరు నేను, పక్క సీట్లో దారి చెప్పేది నువ్వు! నీ సెలవు సరిగ్గా అప్పుడే అన్నావుగా. కంగారు పడకు, ఇది ఎవరు ముందు పరిగెత్తారన్న పోటీ కాదు. ఏ మలుపు దాకా ఎంత వేగంతో వెళ్ళాలో వాళ్ళే పుస్తకంలో రాసిస్తారు. దారిలో ఎక్కడో దాక్కుని మన టైము రాసుకుంటారు. ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. అంటే నువ్వు లెక్క చెప్పాలి, నేను కాలు కుదురుగా పెట్టాలి. ఇద్దరికీ పుట్టుకతో వచ్చిన విద్యలు!

కొండల్లో మంచు పడుతుంది కాబట్టి ముందువైపు రెండు అదనపు దీపాలు కావాలట. దూరం కొలిచే మీటరు, పుస్తకం చదువుకోడానికి నీ వైపు ఒక చిన్న లైటు, అద్దం దగ్గర ఒక కెమెరా. ఇవన్నీ కారుకి బిగించడం ఎలాగో రాయి. రాడార్లు విప్పి బిగించేదానివి, నీకివో లెక్కా? నీ కొండ మీద ఫోను పలకదు, వైర్‌లెస్ ఆఫీసు పనికి తప్ప ముట్టనివ్వరు. సరుకుల జీపే మనకి దిక్కు. కాబట్టి మళ్ళీ జీపు దిగేలోపు రాసెయ్యి.

ఇంకో చిన్న ప్రశ్న. ఊరికే అడుగుతున్నాను. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు దీపం ఒకటి వెలిగి ఆరిపోతే ఏమిటి అర్థం?

నీ వదిన


వాతావరణ కేంద్రం, పరికరాల గది
కిటికీ బయట మబ్బు తప్ప ఏమీ లేదు

వదినా,

నీ ఉత్తరం చదువుతూ నేనూ నవ్వేశాను. ఇక్కడి వంటమనిషి తలుపు తోసుకొచ్చి "ఏమైందమ్మా" అని అడిగాడు. "మా వదిన ఆరో గేరు వేసింది" అన్నాను. చెప్పుకోలేని జబ్బేమో అన్నట్టు జాలిగా చూసి వెళ్ళాడు.

ర్యాలీ మాట వినగానే ఒళ్ళు జిల్లుమంది. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు కారు.

ఒక్క సంగతి బుర్రకెక్కించుకో. పాత కార్లలో వైరంటే నీళ్ళ గొట్టం లాంటిది. ఎక్కడ కోసి ఎక్కడ అతికినా నీళ్ళొచ్చేవి. మీ కొత్త కారు అలా కాదు. అందులో డజన్ల కొద్దీ చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. బ్రేకుల కంప్యూటరు, స్టీరింగు కంప్యూటరు, ఇంజినుది, తలుపులది, అన్నీ కలిసి ఉమ్మడి కుటుంబంలా ఒకే వసారాలో కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ మాటలు వెళ్ళే వైర్లు రెండు, ఒకదానికొకటి మెలిపెట్టుకుని జంటగా ఉంటాయి. వాటి మీద చెయ్యి పడిందా, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని నేను ఏ వైరు ఏమిటో రాసేదాకా నువ్వు కత్తెర పట్టుకోకు. ఎవరి చేతికీ ఇవ్వకు.

ఇక నీ "ఊరికే" ప్రశ్న. వదినా, నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు. మా అన్నయ్యతో పెళ్ళికి ముందు కూడా "మీ ఇంట్లో ఎవరికైనా గురక ఉందా, ఊరికే అడుగుతున్నా" అన్నావు. కారుకి ఏం చేశావో నిజం చెప్పు.

నీ మరదలు


షెడ్డు
బుధవారం. కారు ఇక్కడ లేదు

మరదలా,

నీకు కళ్ళు కొండ మీద, చూపు మా షెడ్డులో.

నిజమే. కారొచ్చిన రోజే దీపాలు కొనేసి, మార్కెట్ వెనక కార్లకి అలంకారాలు చేసే కొట్టులో బిగించేశాను. ఆగలేకపోయాను. ఆ కుర్రాడు పాట పాడుకుంటూ, టీ తాగడం పూర్తయ్యేలోపు పని పూర్తి చేశాడు. "ఇంత తొందరగానా?" అంటే "చెయ్యి తిరిగింది మేడమ్" అన్నాడు. దీపాలు వెలిగాయి. అబ్బ, ఏం వెలుగు! పసుపు దీపం ఒకటి వెలిగి ఆరింది. కొత్త కారు కదా, సిగ్గుపడుతోందేమో అనుకున్నాను.

సోమవారం అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పెద్ద వంతెన ఎక్కాం. నడిమధ్యలో డ్యాష్‌బోర్డంతా ఒక్కసారి సర్కస్ డేరాలా వెలిగిపోయింది. స్టీరింగు బండరాయి అయిపోయింది. ఎందరికో "కంగారు పడకండి, చేతులు వదులుగా పెట్టండి" అని చెప్పిన నోరు నాది. ఆ నోరు ఎండిపోయింది. అప్పుడు పక్కనుంచి అత్తయ్య గొంతు. "అమ్మాయ్, ఎడమ పక్కన జాగా ఉంది. వెనక బస్సువాడు ఆగాడు, నేను చూస్తున్నాను. మెల్లిగా తిప్పు. ఇంకొంచెం. ఆ, చాలు. ఆపు." ఉల్లిపాయలు బేరం చేస్తున్నంత నెమ్మదిగా! ఆ గొంతు పట్టుకుని పక్కకి తెచ్చాను. ప్లాస్టిక్ కమురు వాసన. ఇద్దరం దిగి దూరంగా నిలబడ్డాం.

మీ అన్నయ్య వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అది ఇంకా భయం. ఆ కుర్రాడు స్విచ్చు కోసం కరెంటు తీసింది నువ్వు రాసిన ఆ మెలితిరిగిన జంట వైర్లలో ఒకదాని నుంచేనట. పైన క్లిప్పు నొక్కితే అది లోపలి రాగిని సగం కొరికేసింది. బ్యాటరీ నుంచి దీపాలకి వేసిన వైరు సన్నం. మధ్యలో ఫ్యూజే లేదు. తొడుగు కరిగి పక్క గొట్టానికి అతుక్కుపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

నిన్న నన్ను వాళ్ళ యార్డుకి తీసుకెళ్ళాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి పాడైన కార్లు చూసి నష్టం అంచనా వేసే మనిషి కదా, రోజూ చూసేవి ఎప్పుడూ ఇంట్లో చెప్పడు. కాలిపోయిన కారు ఒకటి చూపించాడు. వెనక సీట్లో గొడుగు పిడి ఒకటి కరిగి చల్లారి ఉంది.

"దీన్లోవాళ్ళు?" అన్నాను.

"బయటపడ్డారు. ఎందుకు కాలిందో తెలుసా? పాటల పెట్టె వైరు. దాని మీద అరచేతి వెడల్పున కాలి మిగిలిన టేపు చుట్ట చూసే నాకు అర్థమైంది."

నేనిక ర్యాలీ లేదులే అన్నాను. మానేస్తానంటే సంతోషిస్తాడనుకున్నాను. "మానెయ్యమని ఎవరన్నారు? అంతా పీకేసి మళ్ళీ మొదటినుంచి సరిగ్గా చెయ్యి. చేశాక నేను చూస్తాను, నీ మొగుడిగా కాదు, ఉద్యోగస్తుడిగా. ఒక్క తప్పున్నా బండి షెడ్డులోనే" అన్నాడు.

మరదలా, మనసు మళ్ళీ గంతులేస్తోంది! ఆ జంట వైర్లు బాగుచెయ్యడానికి కారు కంపెనీ వర్క్‌షాపులో ఉంది. ఈ వారం వచ్చేస్తుంది. రాయి. పూసగుచ్చినట్టు రాయి. ఈసారి టీ చల్లారిపోయినా సరే.

సిగ్గులేని నీ వదిన


వాతావరణ కేంద్రం
గాలి హోరు. కాగితం మీద సుత్తి పెట్టి రాస్తున్నాను

వదినా,

వంతెన దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపి లేచి నిలబడ్డాను. ఆ తర్వాత అమ్మ గొంతు దగ్గర కూర్చున్నాను. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ గొంతుతోనే థర్మామీటరు చదివేది.

సరే, కొంగు బిగించు.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పెయ్యి. విప్పగానే దూకకు, కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకో. గాలి సంచులు, అదే ఎయిర్‌బ్యాగులు, పేలడానికి దాచుకున్న కరెంటు ఖాళీ అవ్వాలి. పసుపు తొడుగు వైర్లన్నీ ఆ సంచులవే. వాటి వైపు వేలు కూడా చూపించకు. వైరులో కరెంటు ఉందా లేదా అని బల్బు పెట్టి చూసే పాత అలవాటు మానెయ్యి. బల్బు ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపలి కంప్యూటరు పోతుంది. మల్టీమీటరు కొనుక్కో. అది దొంగలా చూసి వచ్చేస్తుంది, ఎవరికీ తెలీదు.

దీపాల కరెంటు సూటిగా బ్యాటరీ ప్లస్ నుంచే, లావు వైరుతో తీసుకో. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకున్నంత దగ్గర ఉండాలి. ఎందుకో చెప్పనా? ఫ్యూజుకి అవతల వైరు ఏ ఇనుముకి రాసుకున్నా ఫ్యూజు చచ్చి కారుని బతికిస్తుంది. ఇవతల రాసుకుంటే కాపాడేవాళ్ళు లేరు. హెడ్‌లైటు వైరుని మాత్రం కొయ్యకు. తన దీపం ఎంత తాగుతోందో కారు లెక్క చూసుకుంటూ ఉంటుంది, తేడా వస్తే గోల పెడుతుంది. విడిగా ఒక స్విచ్చు, ఒక రిలే. స్విచ్చులో పారేది చిటికెడు కరెంటు, బరువు మోసేది రిలే. ఆ చిటికెడు కూడా సిగరెట్ లైటరు ఫ్యూజు గడిలోంచి, ఫ్యూజు గడిలో గుచ్చే జోడు ఫ్యూజు ముక్క దొరుకుతుంది, దానితో తీసుకో. బ్రేకులు, స్టీరింగు, గాలి సంచులు, ఈ మూడింటి గడుల జోలికి పోకు. కారు ఆపితే ఆ గడిలో కరెంటు పోతోందో లేదో మీటరుతో చూసుకో.

ఎర్త్ బ్యాటరీ మైనస్ బుడిపె మీద పెట్టకు. అక్కడ కూర్చుని ఒక పరికరం కరెంటు రాకపోకలు లెక్కపెడుతుంది, దాన్ని దాటేసి దొంగదారిన వెళ్తే దానికి లెక్క తప్పుతుంది. కారు బాడీకి కంపెనీవాళ్ళు పెట్టిన ఎర్త్ బోల్టు ఉంటుంది, అక్కడ. రంగు ఉంటే గోకి బిగించు. అతుకులకి క్లిప్పులొద్దు. వైరు కొసకి లగ్ అనే రాగి తొడుగు పెట్టి నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వెయ్యి. దూరం కొలిచే మీటరు ఉపగ్రహం చూసి లెక్కపెట్టేదే కొను, చక్రం దగ్గరి వైరు బ్రేకులది, దాంట్లో వేలు పెట్టకు. కెమెరా వైరు అద్దం పక్క స్తంభంలోంచి తెస్తావు కదా, అక్కడ కూడా గాలి సంచి మడతపెట్టి ఉంటుంది. దాని ముందునుంచి కాదు, వెనకనుంచి పోనివ్వు.

ఒక మాట అడగనా? అమ్మకి కొత్త కళ్ళద్దాలు వచ్చాయా? దగ్గరివి బాగా కనపడుతున్నాయా? కదిలే కారులో చదివితే ఆవిడకి కళ్ళు తిరుగుతాయా? ఇప్పటికీ గడియారం చూడకుండా టైము చెప్పగలదా? ఊరికే అడుగుతున్నాను.

నీ మరదలు


షెడ్డు, నేల మీద, కారు చక్రానికి ఆనుకుని
చేతులకి నల్ల మరకలు, కాగితానికీ అంటాయి

మరదలా, టిక్!

ఆ శబ్దం రాయగలిగితే బంగారు కలంతో రాసేదాన్ని. స్విచ్చు నొక్కాను. బానెట్ లోపల ఎక్కడో రిలే "టిక్" అంది. రెండు దీపాలూ షెడ్డు గోడ మీద రెండు చంద్రుళ్ళై నిలబడ్డాయి. డ్యాష్‌బోర్డు మీద ఒక్క దీపం వెలగలేదు! కారు మొహంలో కదలిక లేదు, దానికి మేం చెయ్యి పెట్టినట్టే తెలీదు. నేనూ అత్తయ్యా కావలించుకున్నాం. మా పెళ్ళయ్యాక ఆవిణ్ణి అలా పట్టుకోవడం ఇదే మొదటిసారనుకుంటా.

అత్తయ్యేమిటి, షెడ్డులో ఏమిటి అంటావా? మల్టీమీటరు ఆవిడ చేతిలోనే ఉంది! నేను కారు కింద పడుకుని "ఎంత?" అంటే ఆవిడ పైనుంచి "పన్నెండు పాయింట్ ఆరు. ఆపావా? సున్నా. నిలకడగా ఉంది" అంటుంది. "టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసినప్పుడు ఇంతకన్నా ఎక్కువ వైర్లు చూశాను అమ్మాయ్, కాకపోతే అవి తిరిగి మాట్లాడేవి" అంది.

ఇక మీ అన్నయ్య పరీక్ష. టార్చిలైటు, చేతికి తొడుగులు, పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూడలేదు నన్ను. మొదటిసారి ఫెయిల్ చేశాడు! ఇంజినుకీ మన కాళ్ళకీ మధ్య ఇనప గోడ ఉంటుంది చూడు, దాని రంధ్రంలోంచి స్విచ్చు వైరు లాగాను. రబ్బరు బుష్ వెయ్యలేదు. "ఇనప అంచు. బండి ఊగినప్పుడల్లా కోస్తుంది. ఇప్పుడు బాగుంటుంది, వర్షాకాలం మధ్యలో బాగుండదు" అన్నాడు. "రెండు దీపాలకీ కలిపి ఒకే ఫ్యూజు ఏమిటి? ఒకటి పోతే రెండూ పోవాలా? కొండ మీద చీకట్లో కూర్చుంటావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. రోజంతా కూర్చుని మళ్ళీ చేశాను. బుష్ వేశాను. రెండు దీపాలకి రెండు ఫ్యూజులు పెట్టాను. రెండోసారి చూశాడు. చూసి, తొడుగులు విప్పి, "టీ పెడతాను, ఇద్దరూ తాగుతారా?" అన్నాడు. మన ఇంట్లో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదని నీకూ తెలుసు.

అయితే అత్తయ్య కళ్ళద్దాల గురించి అన్ని ప్రశ్నలేమిటి? అద్దాలొచ్చాయి. చీమ కాలికి గజ్జె కట్టగలదు ఇప్పుడు. కారులో దారి పొడవునా కొట్ల బోర్డులు చదువుతూనే ఉంటుంది, కళ్ళు తిరగవు. నువ్వెప్పుడు దిగుతున్నావో అది రాయకుండా ఇవెందుకడిగావు?

నీ వదిన


వాతావరణ కేంద్రం
మొదటిసారి తిరగరాసిన ఉత్తరం

వదినా,

నేను రావడం లేదు.

ఇక్కడ కొత్త రాడారు నిలబెడుతున్నారు. వానలు ముదిరేలోపు తిప్పాలి. నా సెలవు రద్దు చేశారని రాస్తే నువ్వు వాళ్ళని తిట్టి ఊరుకునేదానివి. మొదట అలాగే రాశాను, చించేశాను. ఎవరూ రద్దు చెయ్యలేదు. "సెలవు మీది, వెళ్ళొచ్చు" అన్నారు. నేనే ఉంటానన్నాను. ఈ పాత రాడారుని ఇన్నాళ్ళు అతుకులేసి నడిపాను వదినా. కొత్తది పెట్టెలు విప్పగానే నీకు ఆరో గేరు పడ్డప్పుడు ఏమైందో నాకదే అయింది. దాన్ని వేరేవాళ్ళు మొదటిసారి తిప్పుతుంటే నేను కింద కూర్చుని మైళ్ళు లెక్కపెట్టలేను.

నీకు చెప్పలేక రెండు ఉత్తరాలు దాటేశాను. అందుకే అమ్మ గురించి అన్నీ అడిగాను. ఆలోచించు. జిల్లా మొత్తం లైన్లు ఒక్క చెవితో విన్న మనిషి. ఒకరి మాట ఒకరికి కలపకుండా, ఎవరి వంతు ఎప్పుడో తప్పకుండా. వంతెన మీద నిన్ను పక్కకి తెచ్చిన గొంతు ఎవరిది? నేనైతే నీతో కలిసి అరిచేదాన్ని.

కోప్పడు. కానీ ర్యాలీ మానకు.

నీ మరదలు


షెడ్డు

మరదలికి,

కోపమే. నా పక్క సీటు నీదని నేను ఆ కారు కొనకముందే అనుకున్నాను. రాడారు మీద నీకు ప్రేమ ఉంటే మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు. మిగతా కాగితం మీ అమ్మగారు అడిగారు, ఇస్తున్నాను.

*

తల్లీ, వదిన వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. పట్టించుకోకు. నీ పని నువ్వు చూసుకో. వంటింటి స్టూలు మీద కూర్చుని, కారు ఊగినట్టు ఉండాలని మీ అన్నయ్యని చీపురుతో స్టూలు కదపమని, పేపరు గట్టిగా చదివి చూసుకున్నాను. ఒక్క అక్షరం తప్పలేదు. ఉద్యోగం వదిలాక నా మాట విని కుడికో ఎడమకో తిరిగినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. వదిన తిరగాల్సిందే కదా, పోటీ నియమమట. నాకు మహా ఉత్సాహంగా ఉంది. ఈ సంగతి వదినకి చెప్పకు, ఇంకా బతిమాలించుకోవాలి. — అమ్మ


షెడ్డు
ర్యాలీ నుంచి వచ్చాక, ఇంకా బురద కడగలేదు

మరదలా, ఓ మరదలా,

కోపం ఎప్పుడో పోయింది. ఎక్కడ పోయిందో చెప్తాను విను.

జెండా ఊపారు. చుట్టూ పెద్ద పెద్ద బండ్లు, హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళు. మా కారులో అత్తయ్య, ఒళ్ళో దిండు, దిండు మీద ఆ పొద్దునే ఇచ్చిన దారి పుస్తకం, మెడలో రెండు గడియారాలు. పక్క కారువాడు "మామ్మగారు ఎక్కడ దిగుతారు?" అని అడిగాడు. ఆవిడ అద్దం దించి, "నీ కన్నా ముందూ కాదు, వెనకా కాదు నాయనా, టైముకి దిగుతాను" అంది.

ఇక మొదలైంది చూడు! "ముందు కుడి మలుపు. వస్తోంది, వస్తోంది. ఇప్పుడు. కొంచెం వెనకబడ్డాం, కాలు పెంచు. చాలు. లైన్లో ఉండు." ప్రతి మాటకీ చివర "లైన్లో ఉండు" అనేది! నేను "ఉన్నానండీ" అనేదాన్ని. మొదటి రహస్య చెక్‌పోస్టు ఒక గడ్డివాము వెనకుంది. అక్కడికి అక్షరాలా గీటు మీద గీటు పెట్టినట్టు చేరాం. టైము రాసుకునే అమ్మాయి గడియారాన్ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుంది, నడుస్తోందో లేదో అని.

కొండ ఎక్కాక వాన. వాన కాదు, ఆకాశం బొక్కెన తిరగేసింది. దాంతోపాటు మంచు. దీపాలు వేశాను, టిక్. ముందు బండి చక్రం కింది రాయి ఎగిరొచ్చి ఎడమ దీపం పగిలింది. లోపలికి నీళ్ళు. ఆరిపోయింది. స్టీరింగు మళ్ళీ రాయైపోతుందని భుజాలు, పళ్ళు బిగించాను. ఏమీ కాలేదు మరదలా! దాని ఫ్యూజు అది పోయింది, అంతే. కుడి దీపం వెలుగుతూనే ఉంది, బండి నడుస్తూనే ఉంది. అత్తయ్య పుస్తకంలోంచి తలెత్తకుండా "ఒక లైను తెగింది, రెండోది బాగానే ఉంది, నడుపు" అంది. ఆ ఒంటికంటి వెలుగులో కొండంతా ఎక్కి దిగాం. నాకు పాటొచ్చింది. పాడాను. ఆవిడ తాళం వేసింది, మలుపులు చెబుతూనే.

కొండ దిగువన వాగు మీద ఎత్తులేని చిన్న వంతెన ఉంది. దానికి అటువైపే ఆఖరి మజిలీ. అప్పటికి మొదటిసారి వచ్చినవాళ్ళలో మేం మొదటి మూడు బండ్లలో ఉన్నామని లెక్క! సరిగ్గా అక్కడ జెండా అడ్డం పెట్టి ఆపేశారు. "వంతెన మూశాం, పైనుంచి కబురొచ్చింది" అన్నారు. వంతెన మీద తడి తప్ప నీళ్ళు లేవు! దిగి పోట్లాడాను. "ఎవడండీ ఆ కబురు పంపింది? వాడెప్పుడైనా స్టీరింగు పట్టుకున్నాడా? గదిలో వెచ్చగా కూర్చుని వేలు చూపించే మొహం! వాడి బండి టైర్లు ఎండాకాలం మధ్యాహ్నం నాలుగూ ఒకేసారి పగలా!" అన్నాను. అక్కడున్న పోలీసు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

అప్పుడొచ్చింది. ముందు శబ్దం, రోడ్డు రోలరు వస్తున్నట్టు. తర్వాత వాగు. ఎర్రగా, చెట్టుమొద్దుల్ని మోసుకుంటూ. మేం చూస్తుండగానే వంతెన కనపడకుండా పోయింది. పక్కనున్న ఇనప కడ్డీలు వెదురు పుల్లల్లా వంగాయి. ఆపకపోతే ఆ సమయానికి దాని మధ్యలో ఎవరుండేవారో అత్తయ్య గడియారం చూసి లెక్కగట్టింది. పుస్తకం మూసి, రెండు చేతులూ నా చేతి మీద పెట్టింది. "ఆ కబురు పంపినవాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. నిండు నూరేళ్ళూ బతకాలి" అంది.

పోటీ అక్కడికే లెక్కకట్టి ముగించారు. మొదటిసారి వచ్చినవాళ్ళలో మాది మూడో స్థానం. ఒక కప్పిచ్చారు. మీ అన్నయ్య ఎదురొచ్చి మమ్మల్ని చూడకుండా ముందు బానెట్ ఎత్తి వైర్లు చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ "వాన నీళ్ళు" అన్నాడు. అప్పటికి వాన వెలిసింది.

నీ రాడారు తిరిగిందా? తిరిగే ఉంటుంది. దాన్ని వదిలి రానందుకు మంచిపని చేశావు, ఇప్పుడు మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

నీ వదిన


వాతావరణ కేంద్రం, కొత్త రాడారు గది
ఆకాశం కడిగిన పలకలా ఉంది

వదినా, అమ్మా,

ఇద్దరికీ ఒకే ఉత్తరం.

రాడారు తిరిగింది. మీ ర్యాలీ రోజు పొద్దున్నే మొదటిసారి తిప్పాం. తెర మీద ముందు ఏమీ లేదు. మా పెద్ద ఇంజినీరు వైర్లు మళ్ళీ చూడమన్నాడు. చూసి వచ్చేసరికి తెర మూల ఒక మచ్చ. పాత రాడారుకైతే అది ఆనేది కాదు. పచ్చగా మొదలై, పసుపై, మేం చూస్తుండగానే ఎర్రబడింది. మీ కొండల నెత్తిన కదలకుండా కూర్చుంది. ఆ నీళ్ళు ఏ వాగులోకి దిగుతాయో, ఎంతసేపట్లో దిగుతాయో లెక్కగట్టాను. ఇంకా పరీక్షల్లోనే ఉన్న పరికరం, దాని మాట నమ్మి కబురంపితే తప్పైతే నవ్వులపాలవుతామని ఇంజినీరు సందేహించాడు. నిజమే మరి. నేను సందేహించలేదు. వైర్‌లెస్ తీసుకుని కంట్రోల్ రూముకి చెప్పాను, "ఆ వాగు మీది వంతెన వెంటనే మూయించండి" అని. మీ దారి అదేనని నాకు తెలీదు, మీ దారి పుస్తకం మీకే ఆ పొద్దున ఇచ్చారు కదా. అక్కడెవరో ఉండొచ్చు, అంతే అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో నీ ఉత్తరం వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు.

చదువుతూ ఆ పేజీ దగ్గరికొచ్చి నేల మీద కూర్చుండిపోయాను. వంటమనిషి మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. ఈసారి ఉత్తరమే ఇచ్చాను. నిలబడి మొత్తం చదివాడు. చదివి, ఇంజినీరుని పిలుచుకొచ్చి ఆయనకీ గట్టిగా చదివి వినిపించాడు, టైర్ల మాట మటుకు రెండుసార్లు.

వదినా, నాకు బండి లేదు, కాబట్టి టైర్ల బెంగ లేదు. గదిలో వెచ్చగా కూర్చున్న మాట మాత్రం అబద్ధం, ఇక్కడ హీటరు పోయి నెలైంది. నువ్వు తిట్టిందీ నన్నే, అమ్మ దీవించిందీ నన్నే. రెండూ ఒకే జీపులో భద్రంగా అందాయి.

మీ మరదలు, మీ కూతురు